పాత కాలపు పందెంలో నా అసలు వాన్‌వాల్ బొమ్మ రేసు కారును తప్పు పట్టి, కొత్త నకలును ఒప్పుకున్నారు: నియమాలు ఎలా రాయాలి?

వాన్‌వాల్_వాసు
ఆదివారం జరిగింది ఇంకా మింగుడు పడటం లేదు. నేను ఇంగ్లండులో లెస్టర్ దగ్గర ఒక చిన్న స్లాట్ కార్ల (ట్రాక్ మీది గాడిలో కరెంటుతో పరుగెత్తే బొమ్మ కార్ల) క్లబ్బులో నాలుగేళ్ళుగా ఆడుతున్నాను. చర్చి హాలులో చెక్క ట్రాక్, నాలుగు లేన్లు, వచ్చేవాళ్ళు ఇరవై మందికి మించరు. ఈసారి పాత కాలపు పందెం పెట్టారు. 1970కి ముందు కార్లు మాత్రమే తేవాలన్నారు.

నా దగ్గర ఇంగ్లండు బ్రాండు స్కేలెక్‌ట్రిక్ వాళ్ళు చేసిన వాన్‌వాల్ ఉంది, 1950ల నాటి ఇంగ్లండు రేసు కారుకు బొమ్మ అది. వాళ్ళు 1960లో రేకును వదిలి ప్లాస్టిక్‌లోకి దిగినప్పుడు మొదట చేసిన రెండు కార్లు లోటస్ 16, వాన్‌వాల్. వాటిలో ఒకటన్నమాట. పాత సామాన్ల సంతలో 25 పౌండ్లకు దొరికింది. చట్రం, మోటారు, పైతొడుగు (బాడీ) అన్నీ అసలువే. వెనక టైర్లు మాత్రం రాయిలా గట్టిపడి పగుళ్ళిచ్చాయి కాబట్టి కొత్త సిలికాన్ టైర్లు తొడిగాను. తనిఖీ బల్ల దగ్గర అవి చూసి "అసలు విడిభాగాలు కావు, తీసేయండి" అన్నారు. తీసేసి రాతి టైర్లే మళ్ళీ ఎక్కించాను.

నా వెనక వరుసలో ఉన్న కుర్రవాడి చేతిలో కూడా వాన్‌వాలే, అదే ఆకుపచ్చ రంగు. అయితే అది అదే కంపెనీ ఈ శతాబ్దంలో చేసిన కొత్త నమూనా. మోటారు కొత్తది, టైర్లు కొత్తవి. దానికి మాత్రం "1958 కారే కదా" అని చీటీ అంటించి పంపారు!

నాలుగు హీట్లలో (విడి పరుగుల్లో) నా కారు పదకొండుసార్లు గాడి తప్పింది. ఆఖరి స్థానం నాదే. ఓడిపోయినందుకు బాధ లేదు. అరవై ఏళ్ళు దాటిన బొమ్మను టైర్ల కోసం తప్పుపట్టి, నిన్న మొన్నటి బొమ్మను నెత్తిన పెట్టుకున్నారే అన్నదే నా బాధ. ఈ మాట కమిటీకి చెబితే "అక్టోబరు పందేనికి నియమాలు నువ్వే రాయి" అన్నారు. ఇప్పుడు మీ అందరి సాయం కావాలి.

ల్యాప్‌లెక్క_లలిత
వాసు గారూ, ముందు ప్రకటనలో ఉన్న వాక్యం యథాతథంగా పెట్టండి. సగం గొడవలు వాక్యంలోనే పుడతాయి.

వాన్‌వాల్_వాసు
"1970కి ముందు కాలానికి చెందిన కార్లు. విడిభాగాలు అసలువై ఉండాలి." అంతే, ఇంకేమీ లేదు.

ల్యాప్‌లెక్క_లలిత
అదిగో. "కాలానికి చెందిన" అంటే అసలు రోడ్డు మీద తిరిగిన కారు కాలమా, బొమ్మ తయారైన కాలమా? ఒక వాక్యం నిజం కారు గురించి, రెండోది బొమ్మ గురించి మాట్లాడుతోంది. తనిఖీ చేసిన ఆయన ఆ కుర్రవాడికి మొదటి వాక్యం చదివారు, మీకు రెండోది చదివారు.

ఇత్తడి_చట్రం
ఇక్కడ అమెరికాలో ఈ తగాదా ఎప్పుడో తేలిపోయింది. మేము రెండు మాటలు వాడతాం. వింటేజ్ అంటే ఆనాడు తయారైన కారు. రెట్రో అంటే ఆనాటి పద్ధతిలో ఈనాడు కట్టిన కారు. నేను ఆడేది రెట్రో, 1:24 కొలతలో, అంటే నిజం కారులో 24వ వంతు. ఇత్తడి పట్టీలు, ఉక్కు తీగ టంకం పెట్టి చట్రం నేనే కడతాను. మోటారు కారు పొడవునా ఉండాలి, ఏటవాలుగా ఉండకూడదు. 1960ల చివర్లో మోటారును ఏటవాలుగా పెట్టడం మొదలయ్యాక వేగం ఒక్కసారిగా పెరిగిపోయింది. అందుకే మా వాళ్ళు దానికి ముందరి పద్ధతి దగ్గర గీత గీశారు. మా పందెంలో అసలు పాత కారు ఒక్కటీ ఉండదు, అయినా ఎవరూ మోసం అనుకోరు, ఎందుకంటే పేరులోనే చెప్పేశాం. మీ వాళ్ళు రెండు ఆటలను ఒకే గిన్నెలో కలిపారు.

పెట్టెలోనే_పదిలం
నాకు అసలు ప్రశ్నే అర్థం కాలేదు. 1960 నాటి వాన్‌వాల్‌ను పందెంలో ఎందుకు దించారు? పదకొండుసార్లు గాడి తప్పిందంటే పదకొండుసార్లు గోడకో నేలకో తగిలి ఉంటుంది. ఆ ముక్కు విరిగితే మళ్ళీ ఎవరు పోస్తారు? నా దగ్గర 1957 నాటి రేకు మాసరాటి 250ఎఫ్ ఉంది. అద్దాల బీరువా దాటి బయటికి రాదు. వాసు గారి మీద కోపం కాదు, ఆ కారు మీద జాలి.

టంకం_మాస్టారు
పదిలం గారూ, మీ జాలి నాకు తెలుసు, నలభై ఏళ్ళుగా వింటున్నాను. నేను పాత స్లాట్ కార్లు బాగుచేస్తాను. ఎక్కువగా చెడిపోయి నా దగ్గరికి వచ్చేవి పరుగెత్తినవి కావు, పెట్టెల్లో పడుకున్నవి. పాత టైరు రబ్బరుకు మెత్తదనాన్నిచ్చే పదార్థం ఏళ్ళ తరబడి కారి, తగిలిన ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. టైరు చట్రానికి ఆని ఉన్న చోట గుంట పడిన కార్లు ఎన్ని చూశానో! బేరింగుల్లో నూనె జిగురుగా మారుతుంది. మోటారుకు కరెంటు అందించే కమ్యుటేటర్ మీద మసి గట్టిపడుతుంది. అప్పుడప్పుడూ తిప్పిన మోటారు బతుకుతుంది.

ఇక వాసు, నీ టైర్ల మాట. ఆ తనిఖీదారు పొరపాటు పడ్డాడు. టైరు, ట్రాక్ నుంచి కరెంటు అందుకునే పికప్ జడ, మోటారులోని కార్బన్ బ్రష్షు ఈ మూడూ అరిగిపోవడానికే పుట్టాయి. 1960లో కారు కొన్న పిల్లవాడు కూడా టైర్లు మార్చుకునేవాడు, విడిగా అమ్మేవారు. అరిగే భాగాలను అసలువే ఉండాలని పట్టుబడితే, పాత కార్లు రావద్దని చెప్పినట్టే. అసలుతనం చట్రంలో, మోటారులో, గేర్లలో, పైతొడుగులో చూడాలి. టైర్లకు కొలత పెట్టు: వెడల్పూ ఎత్తూ ఆనాటివి. పదార్థం ఏదైనా సరే. సిలికాన్ టైరు ట్రాక్‌ను జిడ్డుగా చేస్తుందని కొన్ని క్లబ్బులు ఒప్పుకోవు. అక్కడ యూరిథేన్ టైర్లు వేసుకో.

పెట్టెలోనే_పదిలం
కరిగిన ప్లాస్టిక్ మాట నిజమే మాస్టారూ. అందుకే నేను టైర్లు తీసి విడిగా పెడతాను. నా మాట మాత్రం మారదు. విరిగినది అతికించవచ్చు, విరగనిది మళ్ళీ రాదు.

అట్టు_మోటారు
న్యూజెర్సీ నుంచి చిన్నకార్ల గొంతు. అరోరా కంపెనీ 1963లో తెచ్చిన థండర్‌జెట్ కార్లు ఇప్పటికీ ప్రతి నెలా పరుగెత్తిస్తాం. అరచేతిలో మూడు పడతాయి. మోటారు పడుకోబెట్టిన అట్టులా ఉంటుంది, ఇరుసు నిలువుగా పైకి వచ్చి పైపలక మీది గేర్లను తిప్పుతుంది. అందుకే నా పేరు. వాటికి ముందు 1960లో వచ్చినవి ఇంకా విచిత్రం, వాటిలో తిరిగే మోటారే లేదు. ఏసీ కరెంటుకు వణికే రేకు ఒకటి చక్రాన్ని తోసుకుంటూ పోయేది. తుమ్మెద డబ్బాలో పడ్డట్టు చప్పుడు. మా పాత కాలపు రోజున వాటికి పందెం ఉండదు, ఒక ప్రదర్శన ల్యాపు ఉంటుంది. అందరూ ఆట ఆపి వింటారు.

చెక్కగాడి
నేను క్లబ్బు పక్షాన మాట్లాడతాను, ఎవరో ఒకరు మాట్లాడాలి. మా క్లబ్బు ట్రాక్ నేనే చెక్కాను, ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన) పలక మీద. పాత కాలపు రోజులు మూడు నడిపాను. మొదటిసారి "అసలు పాత కార్లు మాత్రమే" అన్నాను. వచ్చినవి ఐదు. వాటిలో రెండు మధ్యాహ్నానికే ఆగిపోయాయి. మిగిలిన పన్నెండు మంది కుర్చీల్లో కూర్చుని టీ తాగారు. రెండోసారి నకళ్ళను రానిచ్చాను, హాలు నిండింది. వాసు గారూ, ఆ కుర్రవాడు కొత్త వాన్‌వాల్ కొనుక్కోకపోతే అసలు వాన్‌వాల్ అంటే ఏమిటో తెలుసుకునేవాడా? దయచేసి అతన్ని బయటకు నెట్టే నియమం రాయకండి.

వాన్‌వాల్_వాసు
చెక్కగాడి గారూ, అతన్ని నెట్టాలని లేదు. పందెం అయ్యాక నా కారు చేతిలోకి తీసుకుని పది నిమిషాలు చూశాడు. ఫార్ములా వన్‌లో మొట్టమొదటి కన్‌స్ట్రక్టర్ల (కార్లు చేసే జట్ల) టైటిల్ 1958లో వాన్‌వాల్‌దేనని అతనే నాకు చెప్పాడు! ఇద్దరినీ ఒకే కొలబద్దతో కొలవడమే నాకు నచ్చలేదు.

ఒంగోలు_గిత్త
ఈ చర్చ మొదటి నుంచి చదువుతుంటే నాకు మా ఊరి తిరునాళ్ళే కళ్ళ ముందు ఆడుతున్నాయి. బండలాగుడు పోటీ చూసినవాళ్ళకు దీనికి జవాబు ముందే తెలుసు.

అక్కడ ఎడ్ల జత మైదానంలోకి వచ్చాక మొదట చేసేది నోరు తెరిచి పళ్ళు చూడటం. పాలపళ్ళ విభాగం వేరు, రెండు పళ్ళు వేరు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. రెండు పళ్ళ గిత్తను తెచ్చి సీనియర్ జతతో పోటీకి కడితే ఊరు ఊరంతా నవ్వుతుంది. ఇంకో సంగతి, విభాగం మారితే బండ బరువు కూడా మారుతుంది. చిన్న ఎడ్లకు చిన్న బండ. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క.

మీ కార్లకూ అదే చేయండి. పళ్ళు చూసి విభాగం కట్టండి. నకలు కారుకు సిగ్గుపడాల్సిన పని లేదు, దాని పళ్ళు దానివి. వాసు గారి వాన్‌వాల్ సీనియర్. దాన్ని దాని ఈడు వాటితో కట్టండి. ఎవరినీ నెట్టక్కరలేదు, ఎవరికీ అన్యాయం జరగదు.

ల్యాప్‌లెక్క_లలిత
గిత్త గారూ, ఇది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. బండ బరువు అన్న మాట దగ్గర ఆగి రెండుసార్లు చదివాను, అది మన వోల్టేజి! నేను రేస్ కంట్రోల్‌లో కూర్చుంటాను. మా క్లబ్బులో ప్రతి విభాగానికీ వోల్టేజి మార్చి పెడతాం. కొత్త నకళ్ళకు 9 వోల్టులు, పాతవాటికి పూర్తి 12. ఆ కాలపు స్కేలెక్‌ట్రిక్ కార్లు 12 వోల్టుల కోసం కట్టినవే.

ఇత్తడి_చట్రం
లలిత గారూ, వోల్టేజి ఒక్కటే చాలదు. పాత మోటారుకు దాహం ఎక్కువ, ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఈ కాలపు సన్న మోటార్ల కోసం చేసిన ఎక్కువ ఓముల కంట్రోలర్‌తో (చేత్తో నొక్కి వేగం మార్చే ట్రిగ్గర్ పరికరంతో) దాన్ని నడిపితే, ట్రిగ్గర్ సగం నొక్కేదాకా కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా ఉరుకుతుంది. పదకొండుసార్లు గాడి తప్పిందన్న వాసు గారి మాటకు టైర్లతో పాటు ఇదీ కారణం కావచ్చు. తక్కువ ఓములది కావాలి. లేదా ఎలక్ట్రానిక్ కంట్రోలర్ తెచ్చుకోనివ్వండి.

వాన్‌వాల్_వాసు
నేను వాడింది క్లబ్బు కంట్రోలర్, 45 ఓములని దాని మీద రాసి ఉంది. ట్రిగ్గర్ సగం దాకా కదలకపోవడం, తర్వాత ఎగిరి దూకడం, అచ్చంగా మీరు చెప్పినట్టే జరిగింది. కారులోనే ఏదో లోపం అనుకుని వారమంతా మథనపడ్డాను.

ఇత్తడి_చట్రం
కారుది తప్పు కాదు. మీకు జవాబు దొరికింది కాబట్టి ఇప్పుడు నా బాధ ఒకటి. రెట్రో నా ఆటే అయినా, ఒక అసలు పాత కారు కూడా ఉంది నా దగ్గర. 1960ల మొదట్లో ఎవరో ఇంట్లో కట్టుకున్నది, పిట్‌మన్ డీసీ-65 మోటారుతో. కొన్నప్పుడు మురికిగా ఉన్నా బాగానే పరుగెత్తేది. మోటారు విప్పి, లోపల తిరిగే ఆర్మేచర్ తీసి శుభ్రంగా కడిగి, మళ్ళీ బిగించాను. అప్పటి నుంచి నత్తనడక, పైగా వేడెక్కుతోంది. తీగలన్నీ చూశాను, ఎక్కడా తెగలేదు.

టంకం_మాస్టారు
ఆర్మేచర్ తీసినప్పుడు అయస్కాంతం నోటికి అడ్డంగా ఇనుప ముక్క పెట్టావా?

ఇత్తడి_చట్రం
లేదు మాస్టారూ. పెట్టాలా?

టంకం_మాస్టారు
పెట్టాలి నాయనా. అవి ఆల్నికో అయస్కాంతాలు. వాటి బలం ఆర్మేచర్ ఇనుము గుండా ఒక చుట్టు తిరిగి వస్తూ ఉంటుంది. ఆర్మేచర్ తీసేస్తే ఆ దారి తెగిపోయి, అయస్కాంతం తన బలాన్ని తానే పోగొట్టుకుంటుంది. మళ్ళీ బిగించినా పోయింది తిరిగి రాదు. బలం తగ్గిన మోటారు ఎక్కువ కరెంటు మింగుతుంది, ఆ వేడి అందుకే. ఈ కాలపు సిరామిక్ అయస్కాంతాలకు ఈ బెడద లేదు కాబట్టి అలవాటు తప్పింది.

కంగారు పడకు, కారు చావలేదు. అయస్కాంతాన్ని మళ్ళీ ఛార్జి చేసే యంత్రాలున్నాయి. పాత మోటార్లు బాగుచేసేవాళ్ళ దగ్గరా, మోడల్ రైళ్ళ వాళ్ళ దగ్గరా ఉంటాయి. మోటారు మొత్తం బిగించి ఉండగానే ఛార్జి చేయించు, విడిగా చేయించి తెచ్చుకుంటే బిగించేలోపే మళ్ళీ పోతుంది. వాసు, నీ నియమాల్లో ఇది కూడా రాయి: పందెం రోజున ఎవరూ హాలులో పాత మోటారు విప్పకూడదు.

ఇత్తడి_చట్రం
రెండేళ్ళుగా తీగలనే అనుమానిస్తున్నాను. మీ చేతికి నమస్కారం మాస్టారూ. మా ఊళ్ళో మోడల్ రైళ్ళ సంఘం ఉంది, శనివారమే వెళ్తాను.

ఫ్యూర్త్_ఫణి
జర్మనీ నుంచి ఒక మాట. నేనుండే ఫ్యూర్త్‌లోనే 1963లో కరేరా అనే స్లాట్ కార్ల బ్రాండు పుట్టింది. మా క్లబ్బులో ప్లాస్టిక్ ట్రాక్ మీద పాత కరేరా యూనివర్సల్ కార్లు పరుగెత్తిస్తాం. వాసు గారూ, ఇతర కంపెనీల పాత కార్లను రమ్మనే ముందు, కారు కింద గాడిలో దిగే గైడును ఒకసారి ట్రాక్‌లో దింపి చూడమనండి. గాడి లోతు, వెడల్పు అందరివీ ఒకటి కావు. తొలి రేకు స్కేలెక్‌ట్రిక్‌లకు గైడు బదులు చిన్న చక్రం ఉండేది. ఆ చక్రమే కరెంటు అందుకునేది. అది ఆనాటి రబ్బరు ట్రాక్ పట్టాల కోసం చేసింది, మీ చెక్క ట్రాక్ మీద సరిగ్గా నడవదు.

పెట్టెలోనే_పదిలం
అందుకే నా మాసరాటి బీరువాలో ఉంది అని మళ్ళీ గుర్తు చేస్తున్నాను.

టంకం_మాస్టారు
పదిలం గారూ, పాత రబ్బరు ట్రాక్ నా దగ్గర ఒక గుండ్రానికి సరిపడా ఉంది. మీరు కారు తెచ్చి మీ చేత్తోనే పెట్టండి, నెమ్మదిగా రెండు చుట్లు తిప్పుదాం. వేరెవరూ ముట్టుకోరు.

పెట్టెలోనే_పదిలం
ఆలోచిస్తాను. నిజంగానే ఆలోచిస్తాను.

కొత్తగా_చేరాను
హైదరాబాదు నుంచి. స్లాట్ కారు ఇంతవరకు చేత్తో ముట్టుకోలేదు, వీడియోలు చూసి పడిపోయాను. ఒక ప్రశ్న. కొత్త కార్ల అడుగున అయస్కాంతం ఉంటుందంటారు కదా, దాని గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. అది పాత కార్లకు అన్యాయం కాదా?

చెక్కగాడి
మంచి ప్రశ్న. ఆ అయస్కాంతం ప్లాస్టిక్ ట్రాక్‌లోని ఉక్కు పట్టాలను లాగి పట్టుకుంటుంది, అందుకే కారు మలుపుల్లో అంటుకుపోయినట్టు పోతుంది. వాసు గారిది చెక్క ట్రాక్ అన్నారు. దాని మీద రాగి టేపు అంటించి ఉంటే అయస్కాంతం ఏమీ చేయలేదు, రాగిని అది లాగదు. అయితే కొన్ని చెక్క ట్రాకుల్లో రాగి టేపు బదులు ఇనుము కలిసిన తీగల జడ వేస్తారు, అక్కడ మాత్రం పట్టుకుంటుంది. ఏదైనా సరే, పాత కాలపు రోజున అయస్కాంతం తీయించేయాలి. తోక జారుతూ పోతేనే ఆ కార్ల అందం.

వాన్‌వాల్_వాసు
మాది రాగి టేపే. అయినా తీయించే నియమం రాస్తాను.

కొత్తగా_చేరాను
అర్థమైంది. ఇంకో చిన్న సంగతి. స్పెయిన్‌లో వంతెనల మీద వంతెనలుండే కూడళ్ళను జనం స్కేలెక్‌ట్రిక్ అనే పిలుస్తారని చదివాను. నిజమేనా? అయితే మా హైదరాబాదు మొత్తం స్కేలెక్‌ట్రికే!

ఫ్యూర్త్_ఫణి
నిజమే. అక్కడ 1962 నుంచి ఎగ్జిన్ అనే కంపెనీ లైసెన్సు మీద ఆ బొమ్మలు చేసింది. ఇంటింటా ఉండేవి కాబట్టి పేరు వీధిలోకి వచ్చేసింది. మాడ్రిడ్‌లోని అతోచా దగ్గర అలాంటి వంతెన ఒకటి ఉండేది, 1980లలో కూల్చేశారు. ఆ పేరు మాత్రం భాషలో మిగిలిపోయింది.

షోలవరం_జ్ఞాపకాలు
నేను ఆలస్యంగా చూశాను. మాది నెల్లూరు జిల్లా. చిన్నప్పుడు మా మామయ్య నన్ను మద్రాసు దగ్గర షోలవరం పందేలకు తీసుకెళ్ళేవాడు. యుద్ధకాలంలో కట్టిన విమానాల రన్‌వే అది, దాని మీదే కార్లు ఉరికేవి. నీడ ఉండదు, ఎండ మాడిపోతుంది, తాటాకు విసనకర్రలు అమ్మేవాళ్ళు. విదేశీ రేసు కార్లతో పాటు ఫియట్ 1100లు, హెరాల్డ్‌లు కూడా పరుగెత్తేవి. ఊళ్ళో డాక్టరు గారు తోలే కారునే అక్కడ ఆ వేగంతో చూస్తే ఒళ్ళు పులకరించేది.

ఇప్పుడు నేను మా అబ్బాయి దగ్గర బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను, వాడు కూడా స్లాట్ కార్లు ఆడతాడు. నాకొక కోరిక ఉంది. కోఠీలో కొన్న ప్లాస్టిక్ అంబాసిడర్ బొమ్మ ఉంది, కొలత సుమారు 1:32కి దగ్గరగా వస్తుంది. దాని కింద స్లాట్ చట్రం కట్టి వాసు గారి పందేనికి తేవచ్చా? ఇంగ్లండు వాళ్ళు ఇదేమి కారని అడిగితే ఏమి చెప్పాలో తెలియడం లేదు.

ఇత్తడి_చట్రం
ఏమీ జంకకండి. అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారే, అచ్చులతో సహా మన దేశానికి వచ్చింది. ఇంగ్లండులో 1959లో ఆపేశారు, మనం 2014 దాకా చేశాం. తనిఖీ బల్ల దగ్గర పెద్దవాళ్ళే దాన్ని చూసి "మా నాన్నగారికి ఉండేది" అంటారు చూడండి.

టంకం_మాస్టారు
చట్రం నేను కట్టిస్తాను, మీరుండే ఊళ్ళోనే ఉంటాను. బొమ్మ అడుగున ఉన్న వెనక్కి లాగి వదిలే యంత్రం తీసేస్తే కావలసినంత చోటు. బరువు కిందకు వచ్చేలా ఇత్తడి పలక వేద్దాం. అంబాసిడర్ ఎత్తైన కారు, లేకపోతే మలుపులో పక్కకు ఒరుగుతుంది.

షోలవరం_జ్ఞాపకాలు
మాస్టారూ, చాలా సంతోషం. ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి, బొమ్మ చూపిస్తాను.

వాన్‌వాల్_వాసు
అందరి మాటలూ కలిపి ఒక ముసాయిదా రాశాను. చూసి చెప్పండి.

పేరు "పళ్ళ పందెం" అని నేను అనుకున్నా, కమిటీకి "వయసు విభాగాల పందెం" అని పంపుతున్నాను. బొమ్మ తయారైన ఏడాదిని బట్టే విభాగం, నిజం కారు ఏడాదిని బట్టి కాదు. 1960కి ముందరి రేకు కార్లకు పందెం లేదు, ప్రదర్శన మాత్రమే. 1960 నుంచి 1969 దాకా తయారైనవి సీనియర్లు. చట్రం, మోటారు, గేర్లు, పైతొడుగు ఆనాటివై ఉండాలి. టైర్లు, జడ, బ్రష్షులు కొత్తవి వేసుకోవచ్చు, కొలత మాత్రం మారకూడదు. 12 వోల్టులు, కంట్రోలర్ ఎవరిది వారు తెచ్చుకోవచ్చు. 1970కి ముందరి కార్ల కొత్త నకళ్ళు, ఇంట్లో కట్టినవి అన్నీ మరో విభాగం, అయస్కాంతం తీసేసి, 9 వోల్టులు. రెండు విభాగాలకూ సమానమైన బహుమతి. పాత మోటార్లు హాలులో విప్పకూడదు.

అందాల పోటీ ఒకటి పెట్టాలా వద్దా తేల్చుకోలేకపోతున్నాను.

చెక్కగాడి
పెట్టండి. పరుగు రానివాళ్ళు రంగు వేయడంలో ప్రాణం పెడతారు. అన్ని విభాగాలూ కలిపి ఒకే పోటీ, ఓట్లు పిల్లల చేత వేయించండి.

పెట్టెలోనే_పదిలం
ప్రదర్శన విభాగం రాసినందుకు కృతజ్ఞతలు. రబ్బరు ట్రాక్ అక్కడ ఉంటే మాసరాటి వస్తుంది. రెండు చుట్లు, నెమ్మదిగా.

ల్యాప్‌లెక్క_లలిత
పదిలం గారి మాట నేను రాసి పెట్టుకున్నాను! వాసు గారూ, తయారైన ఏడాది ఎలా తేలుస్తారు? గిత్త గారి ఎద్దులకు పళ్ళున్నాయి.

టంకం_మాస్టారు
కార్లకూ ఉన్నాయి. అడుగున చూడాలి. 1958లో లైన్స్ బ్రదర్స్ స్కేలెక్‌ట్రిక్ చేసే కంపెనీని కొన్నాక ట్రైయాంగ్ ముద్ర పడింది. ఏ దేశంలో చేశారో కూడా అక్కడే ఉంటుంది. గైడు తీరు, మోటారు తీరు, ఇరుసు చివరలు, వీటితో ఐదేళ్ళ తేడాలో చెప్పేయవచ్చు. తనిఖీ బల్ల దగ్గర నేను కూర్చుంటాను. ఒక భూతద్దం, ఒక మంచి దీపం ఉంటే చాలు.

ఒంగోలు_గిత్త
లెస్టర్ దగ్గరే కదా, నేనూ వస్తున్నాను. కారు లేదు, మార్షల్‌గా నిలబడతాను. గాడి తప్పినవాటిని ఎత్తి పెట్టడం నాకు ఇవ్వండి.

వాన్‌వాల్_వాసు
రండి గిత్త గారూ, కష్టమైన మలుపు మీదే. ఆ కుర్రవాడితో కూడా మాట్లాడాను. తన వాన్‌వాల్‌ను నకళ్ళ విభాగంలో తెస్తాడట. నా వాన్‌వాల్‌కు సిలికాన్ టైర్లు మళ్ళీ ఎక్కించి, మిత్రుడి 15 ఓముల కంట్రోలర్‌తో నిన్న రాత్రి ఇరవై ల్యాపులు తిప్పాను. రెండుసార్లే గాడి తప్పింది.

ల్యాప్‌లెక్క_లలిత
నాకు పేర్ల పట్టిక కావాలి, శుక్రవారం లోపు. కారు పేరు, విభాగం, రంగు. షోలవరం గారూ, మీ అంబాసిడర్ ఏ రంగు?

షోలవరం_జ్ఞాపకాలు
అదే ఇంట్లో తగువు. మా అబ్బాయి కలకత్తా టాక్సీలా పసుపు వేద్దామంటాడు. మా మామయ్యది తెలుపు. షోలవరానికి మమ్మల్ని తీసుకెళ్ళింది ఆ కారే. తెలుపు అని రాసుకోండి అమ్మా.